తుంటి నొప్పికి నరం సూది

"నరం కాల్చేస్తారట, కాలు చచ్చుబడిపోదూ?" తుంటి నొప్పికి ఈ చికిత్స మాటెత్తగానే మన ఆడవాళ్ళు అడిగేది ఇదే. భయపడకండి అక్కయ్యలూ! అలాగని ఎవరో చెప్పారని పరుగెత్తకండి కూడా.

ముందు నొప్పి ఎక్కడుందో చూసుకోండి. తుంటి కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జలో వస్తుంది. తొడ ముందువైపుకి, ఒక్కోసారి మోకాలి దాకా జారుతుంది. కత్తిపీట ముందు కూర్చోవడం, బస్సు మెట్టెక్కడం గండమవుతుంది. పిరుదు వెనక మొదలై పిక్కలోకి లాగితే చాలాసార్లు అది నడుముది. మనమేమో రెంటికీ ఒకే తైలం రాసేస్తాం!

తుంటి కీలు నొప్పిని పైకి మోసేవి ముఖ్యంగా ఫెమోరల్, ఆబ్ట్యురేటర్ అనే నరాల సన్నని కొమ్మలు. డాక్టరు స్కానింగులోనో ఎక్స్‌రేలోనో చూస్తూ వాటి దగ్గర మొదట మత్తు సూది వేస్తారు. ఇది పరీక్ష మాత్రమే. ఆ కొన్ని గంటలూ నొప్పి బాగా తగ్గితేనే రెండో పని. సూది కొసన సుమారు 80 డిగ్రీల వేడి, ఒకటి రెండు నిమిషాలు. దీన్నే రేడియో ఫ్రీక్వెన్సీ అంటారు. కాల్చేది ఆ కొమ్మల్నే, కాలును నడిపించే పెద్ద నరాన్ని కాదు. కొందరికి తొడ దగ్గర తిమ్మిరి ఉండొచ్చు. పరీక్ష సూది లేకుండానే ప్యాకేజీ రేటు చెబితే లేచి వచ్చేయండి.

అరిగిన కీలు దీంతో బాగుపడదు. కబురు మోసేవాడి నోరు కట్టినట్టన్నమాట. సుఖం కొన్ని నెలలు, కొందరికి ఏడాది. నరం మళ్ళీ పెరిగితే నొప్పీ తిరిగి రావచ్చు. కీలు పూర్తిగా పోయి, ఒళ్ళు తట్టుకునేవాళ్ళకి కీలు మార్పిడే మేలు. కానీ గుండె బలహీనమై ఆపరేషన్ కుదరదన్న అత్తగారుంటే, "ఇంక ఓర్చుకోవడమే" అని మంచానికి వదిలేయకముందు దీని గురించి తప్పక అడగండి.

అడగాల్సింది ఎముకల డాక్టర్ని, ఆపైన నొప్పుల వైద్యం చూసే మత్తు డాక్టర్ని. నాచారం ఫ్యాక్టరీల వాళ్ళకి ఈఎస్ఐ కార్డుంటే ముందు అక్కడి ఈఎస్ఐ ఆసుపత్రిలోనే చూపించండి. నిమ్స్‌కి వెళ్ళాలంటే ఉప్పల్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగండి. పెద్దావిడతో ఆఫీసు వేళ మాత్రం వద్దు, అమీర్‌పేటలో తోసేస్తారు.

రక్తం పలచబడే మాత్రలుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. సూదిలో స్టెరాయిడ్ కలిపితే షుగరు కొన్నాళ్ళు పెరగొచ్చు, రోజూ చూసుకోండి. మత్తు సూది రోజున కొన్ని గంటలు కాలు పట్టు తప్పొచ్చు. తోడు మనిషి ఉండాల్సిందే, ఇంటికొచ్చాక బాత్రూముకి కూడా.