పేరు ఎవరి నోటిది?

శాసనసభలో గొడవ జరిగిన మర్నాడు మన పత్రికల్లో తప్పక కనిపించే మాట 'ఆటవిక రాజ్యం'. అధికార పక్షమూ ప్రతిపక్షమూ ఒకరినొకరు తిట్టుకోవడానికి ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఒకే మాట వాడుకుంటాయి. అటవి అంటే అడవి. ఆటవికుడు అంటే అడవిలో ఉండేవాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజుకు అందుబాటులో ఉండే సేనల్లో అటవీబలాన్ని కూడా, కాస్త అనుమానంతోనే అయినా, ఒకటిగా లెక్కించింది. నివాసాన్ని చెప్పే ఆ విశేషణం ఇప్పటి తెలుగులో అరాచకానికి పర్యాయపదమైంది. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల నుంచి వచ్చి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కోయ విద్యార్థి ఉదయాన్నే ఈ శీర్షిక చదువుతాడన్న స్పృహ దానిని రాసినవారికి ఉండదు.

'జంగల్' కథ ఇంకా విచిత్రం. సంస్కృతంలో 'జాంగలం' అంటే దట్టమైన అడవి కాదు; నీరు తక్కువగా, చెట్లు పలచగా ఉండే పొడి నేల. ఆయుర్వేదం నీరు సమృద్ధిగా ఉండే అనూప దేశానికి ఎదురుగా జాంగల దేశాన్ని నిలబెట్టింది. ఆ మాట హిందీ, ఉర్దూల్లో అడవి అయింది. ఇంగ్లీషులో చొరరాని కీకారణ్యమైంది. 'జల్, జంగల్, జమీన్' నినాదంగా ఆదివాసీ పోరాటాలలో హక్కు అయింది. 'జంగిల్ రాజ్' అనేసరికి మళ్లీ తిట్టయింది. మాటలు భాషలు దాటినప్పుడు అర్థం మారడం సహజమని భాషాశాస్త్రం చెబుతుంది. నిజమే. అయితే మారిన అర్థాల్లో ఏది చెల్లుబాటవుతుంది, ఎవరి నోటి నుంచి వచ్చినది రికార్డుకు ఎక్కుతుంది అన్నది భాషాశాస్త్రం తేల్చే విషయం కాదు. దానిని అధికారం తేలుస్తుంది. కులం పేర్ల విషయంలో ఇది మనకు కొత్త పాఠమేమీ కాదు. తెగల పేర్ల దగ్గరకు వచ్చేసరికి ఎందుకో మరచిపోతాం.

గోండి, కోయ భాషలు తెలుగుకు దగ్గరి బంధువులు. దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో తోబుట్టువులు. ఆ భాషలు మాట్లాడేవారు తమను తాము చెప్పుకునే మాట 'కోయ్‌తోర్', లేదా దానికి దగ్గరి రూపం. దాని అర్థం మనిషి. ఇతరులు వారికి పెట్టిన పేర్లు మాత్రం అనేకం. గోండు అన్నది పైవారు పిలిచిన పేరు. తెలుగువారి నోట ఆ 'మనిషి' కోయ అయ్యాడు. కోయ పక్కన మనం 'దొర'ను చేర్చాం. తమిళంలో తురై, కన్నడంలో దొరె, తెలుగులో దొర: అన్నీ ప్రభువును చెప్పే మాటలే. తెలంగాణ మైదానంలో దొర అంటే గడీలో కూర్చున్న భూస్వామి. 'బాంచన్ దొరా' అనిపించుకున్నవాడు. ఏజెన్సీలో అదే మాట కొండదొర, కోయదొర వంటి తెగల పేర్లలో చేరింది. 1922–24 మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం గంటం దొర, మల్లు దొరల పేర్లలో ఉన్నది ఈ దొరే. శబరి దాటి బస్తర్‌లోకి వెళ్లిన మన 'దొరల' హిందీ రికార్డుల్లో 'దోర్ల' అనే తెగ పేరుగా స్థిరపడింది. ఇక మన పట్టణాల్లో 'కోయదొర' అంటే నెమలీకలు పెట్టుకుని జాతకం చెప్పి, వేళ్లూ మూలికలూ అమ్మేవాడు. సినిమాల్లో నవ్వుకోవడానికి పనికొచ్చే పాత్ర. ఒకే మాట గడీలో భయం, మన్యంలో గౌరవం, పట్నం వీధిలో వినోదం.

ఇంతవరకూ ఇది నిఘంటువుల వ్యవహారం. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు తర్వాత అది రాజ్యాంగ వ్యవహారమైంది. రాష్ట్రాల వారీగా ఉన్న ఆ జాబితాలను విద్యార్థులు ఒక్కసారైనా పక్కపక్కన పెట్టుకుని చదవాలి. తెలంగాణ జాబితాలో 'గోండ్, నాయక్‌పోడ్, రాజ్‌గోండ్, కోయ్‌తూర్' ఒక పద్దు. 'కోయ, డోలి కోయ, గుట్ట కోయ, కమ్మర కోయ, ముసర కోయ...' అంటూ సాగేది వేరే పద్దు. అంటే 'కోయ్‌తూర్' గోండు కింద, 'కోయ' విడిగా. ఛత్తీస్‌గఢ్ జాబితాకు వెళితే గోండు అన్న ఒక్క పద్దు కిందనే కోయితర్, కోయ, దోర్ల, మురియా, మడియా అందరూ ఉన్నారు. ఇక్కడ రెండు తెగలైనది సరిహద్దు అవతల ఒకే తెగ. మన జాబితాలోనే 'లింగధారి కోయ' పక్కన బ్రాకెట్లలో 'ఆర్డినరీ' అని ఉంటుంది. తరగతిలో ఆ మాట దగ్గర విద్యార్థులు నవ్వుతారు. ఏ కోయ నోటా పుట్టని ఆ ఇంగ్లీషు విశేషణం చట్టంలో భాగం కనుక, దానిని నవ్వి వదిలేయలేం.

ఈ తేడా ప్రకృతి గీసినది కాదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఒకప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు ప్రెసిడెన్సీకి బదిలీ చేశారు. ఆ బదిలీ జరగకపోతే భద్రాచలం కోయలు కూడా ఈనాడు గోండు పద్దు కిందే ఉండేవారేమో. తర్వాత 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఊళ్లు కదలలేదు, ఊళ్ల మీది పేర్లు కదిలాయి.

మనుషులే కదిలిన సందర్భం 2005. బస్తర్‌లో మొదలైన 'సల్వా జుడుం' పేరు కూడా గోండి మాటే. ప్రభుత్వమూ దానిని నడిపిన నాయకులూ దానికి 'శాంతి యాత్ర' అని అర్థం చెప్పారు. ఆ భాష తెలిసినవారు 'శుద్ధి చేసే సామూహిక వేట' అన్న అర్థానికి దగ్గరగా వివరించారు. తగలబడిన ఊళ్లను చూసినవారికి ఏ అనువాదం సరైనదో వేరే చెప్పనవసరం లేదు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలివ్వడాన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆలోపే వేలాది కుటుంబాలు అడవి దారిన ఖమ్మం, వరంగల్ వైపు వచ్చేశాయి. వారు తమను మురియా అనో, కోయ్‌తోర్ అనో చెప్పుకుంటారు. ఇక్కడ వారికి దొరికిన పేరు గుత్తికోయ. పత్రికలు గొత్తికోయ అని కూడా రాస్తాయి.

ఇక్కడ ఒక అక్షరం దగ్గర ఆగాలి. తెలంగాణ జాబితాలో ఉన్నది 'గుట్ట కోయ'. అధికార ప్రతి ఇంగ్లీషులో ఉంటుంది; ఆ లిపిలో ట, తలకు తేడా లేదు. కనుక అది గుట్టనో గుత్తనో చదివేవారి ఇష్టం. గుట్ట కోయకు ధ్రువపత్రం ఉంది, గుత్తికోయకు లేదు. అయితే సమస్య అక్షరంతో తీరేది కాదు. వలస వచ్చినవారి తెగ హోదా వెంట రాదన్నది అధికారుల అసలు వాదన. దానికి ఆధారం తెలుగు విద్యార్థి ఒకరు వేసిన కేసే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో చదివిన మర్రి చంద్రశేఖరరావుకు అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డ్ తెగ సీటు నిరాకరించారు. 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అన్న మాటలను ప్రాతిపదికగా తీసుకుని 1990లో సుప్రీంకోర్టు ఆ నిరాకరణను సమర్థించింది. వెనుకబాటు పరిస్థితులు రాష్ట్రానికో రకంగా ఉంటాయన్నది తీర్పులోని తర్కం. తెనాలికీ బొంబాయికీ అది వర్తించవచ్చు. చర్ల అడవికీ, అది ఆనుకుని ఉన్న బస్తర్ అడవికీ ఆ తర్కం ఎలా వర్తిస్తుంది? తుపాకీకి భయపడి పది కోసులు నడిచి వచ్చినంత మాత్రాన ఆ పిల్లవాడి వెనుకబాటు ఎక్కడ ఊడిపడింది?

న్యాయస్థానాలు పేర్ల విషయంలో ఎప్పుడూ ఒకేలా మాట్లాడలేదు. 1964లో బసవలింగప్ప కేసులో మైసూరు జాబితాలోని 'భోవి' ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఆ పేరుతో వేరే కులం లేదని, ఒడ్డర్లే భోవి అని సాక్ష్యం చూసి కోర్టు అంగీకరించింది. ఆ ఒడ్డర్లు మనకు తెలిసిన వడ్డెరలే. 2000లో మిలింద్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఉత్తర్వులోని మాటను ఉన్నదున్నట్టే చదవాలని, విచారణతో పేరును విస్తరించకూడదని గట్టిగా చెప్పింది. దొంగ ధ్రువపత్రాలను ఆపడానికి ఆ కఠినత్వం అవసరమని నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే కఠినత్వం ఇతరులు పెట్టిన పేరుకు శాశ్వతత్వం ఇచ్చి, సొంత పేరును సాక్ష్యానికి కూడా పనికిరానిదిగా చేస్తున్నది.

స్థానిక కోయల ఆందోళనను తీసిపారేయలేం. 1976 సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు జాబితాలోకి వచ్చిన తర్వాత ఉద్యోగాల్లో తమ వాటా తగ్గిందన్న వారి వాదన 2017లో పెద్ద ఉద్యమంగా లేచింది. అదే లంబాడాలు కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. మళ్లీ కొత్తవారు వస్తే పోడు భూమి, హాస్టల్ సీటు ఎవరికి మిగులుతాయన్న భయం ఊహాజనితం కాదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్య జరిగాక, గుత్తికోయలను ఊరి నుంచి పంపేయాలని స్థానిక పంచాయతీ తీర్మానించింది. నేరం చేసినవారికి శిక్ష పడాలి. కానీ ఒక పేరున్న వారందరినీ వెళ్లగొట్టడం అన్న పద్ధతిని మనం ఎక్కడ నేర్చుకున్నామో దళిత వాడల చరిత్ర తెలిసినవారికి గుర్తు చేయాలా? భూమి తగాదాకు పరిష్కారం భూమి దగ్గరే వెతకాలి. 2005 డిసెంబరు 13కు ముందు అక్రమంగా నిర్వాసితులైన ఆదివాసీలకు పునరావాస హక్కు అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం)లో ఉంది. దానిని ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ప్రభుత్వాలు కలిసి కూర్చుని అమలు చేయవలసి ఉంది. జాబితాను సవరించే అధికారం 342(2) అధికరణ కింద పార్లమెంటుకు ఉంది. ఆ సవరణకు కావలసిన అధ్యయనం చేయడానికి హైదరాబాద్‌లో గిరిజన పరిశోధన సంస్థ ఉంది.

అంతకంటే ముందే ఒక గడువు వస్తున్నది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనలో కులాన్ని కూడా నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. షెడ్యూల్డ్ తెగలను మాత్రం ఏ రాష్ట్ర జాబితా ప్రకారం ఆ రాష్ట్రంలోనే లెక్కిస్తారు. ఈ లెక్కన చర్ల అడవిలోని గూడెంలో తలుపు తట్టిన గణకుడు 'మురియా' అని విన్నా, ఆ ఇంటిని ఆదివాసీ ఇల్లుగా రాయలేడు. భాష కాలమ్‌లో మాత్రం వారు చెప్పినదే రాయాలి. కనీసం ఆ కాలమ్ దగ్గరైనా తెలుగు అనో, హిందీ అనో పూరించకుండా కోయ మాట వినగలిగిన గణకులను ఆ గూడేలకు పంపమని జిల్లా యంత్రాంగాన్ని ఇప్పటి నుంచే అడగాలి. అడగవలసినవారిలో భద్రాచలం కోయ విద్యార్థి సంఘాలు ముందుండాలని నా కోరిక; ఎందుకంటే ఆ ఇంటి గడప దగ్గర వినిపించే జవాబు అర్థమయ్యేది వారికే.