అమ్మమ్మ సంతకం

అమ్మమ్మల గురించి రాయమంటే చాలామంది కలాలు మెత్తబడతాయి. ఆవకాయ, ముగ్గులు, వెన్నెల్లో కథలు, చివర ఆ చేతిరుచి మళ్లీ రాదన్న నిట్టూర్పు. ఆ ప్రేమ నిజమే. కాని ఆ ప్రేమ మాటున ఒక మనిషి నేర్పు, ఊహ, శ్రమ అన్నీ "ఇంటికోసం చేసింది" అన్న ఒకే పద్దు కిందికి పోతాయి. తాత కట్టించిన ఇంటికి తాత పేరుంటుంది. అమ్మమ్మ కట్టిన పాటకు ఎవరి పేరూ ఉండదు.

మా అమ్మమ్మనే తీసుకుంటాను. కృష్ణా జిల్లాలో ఓ మాదిరి రైతు కుటుంబం. 1940లో, పన్నెండో ఏట పెళ్లి. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయకూడదన్న శారదా చట్టం అప్పటికి పదేళ్లుగా అమల్లో ఉంది. ఎనిమిది కాన్పులు, బతికిన బిడ్డలు ఆరుగురు. మా ఇంట్లో ఆమె కథ అడిగితే ఇంతే చెబుతారు.

చెప్పనివి రెండున్నాయి. ఒకటి బొంతలు. చివికిన నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచుల్లోంచి లాగిన రంగు దారంతో కుట్టేది. ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో చూసుకోవడానికి ఒక్కో బొంతను రోజుల తరబడి కుట్టకుండా పరిచి ఉంచేదట. చలికి కప్పుకోవడానికే అయితే అంత చూపు అక్కర్లేదు. రెండోది పాటల నోటుబుక్కులు. పెళ్లిపాటలు, మంగళహారతులు, ఊర్మిళాదేవి నిద్రలాంటి రామాయణపు పాటలు, మధ్య మధ్య పాల లెక్కలు. వాటిలో తను కట్టినవీ ఉన్నాయి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత కట్టిన పాటలో దేవుడి ఊసు లేదు. కొట్టుకుపోయిన రోళ్లు, కుండలు, ఉట్లు, దూడలు వరసగా వస్తాయి. ఏ పేరంటానికీ పనికిరాదని ఇంట్లో దాన్ని ఎవరూ నేర్చుకోలేదు.

ఇలాంటి పాటలకు విలువ లేదని కాదు. శ్రీపాద గోపాలకృష్ణమూర్తి సేకరించిన స్త్రీల రామాయణపు పాటలు 1955లోనే అచ్చయ్యాయి. వేవిళ్లు, పురుడు, అత్తాకోడళ్ల మధ్య నలిగే మాటలు రామకథకు మధ్యకు వచ్చిన తీరును వెల్చేరు నారాయణరావు 1991లో ఒక వ్యాసంలో వివరించారు. అయినా చాలా పాటలు కట్టినదెవరో తెలియదు. "జానపదం" అనేస్తే పేరు వెతికే బాధ్యత తీరిపోతుంది మరి! 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" ఇందుకు భిన్నంగా నడిచింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు అందులో తమ బతుకుల్ని తామే చెప్పుకున్నారు.

మా అమ్మమ్మ నోటుబుక్కుల మీదా పేరు లేదు. ఆమె సంతకం నేను చూసింది ఒక్కచోటే. 1962లో తండ్రి పోయాక అన్నదమ్ములకు రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజు మీద. 1956 వారసత్వ చట్టం ఆమెకు తండ్రి వాటాలో భాగం ఇచ్చింది. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం దాన్ని వెనక్కి తీసుకుంది. బదులుగా పసుపు కుంకుమ కింద ఒక చీర, ఒక పాడిగేదె. 1986లో ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవారిని బయటే ఉంచింది. ఆ అడ్డు 2005 కేంద్ర సవరణతో గాని పోలేదు. భయం మాత్రం చట్టసవరణతో పోయేది కాదని గ్రామాల్లో పనిచేసే మీకు నేను చెప్పాలా?

ఇక్కడ ఆగితే సగమే చెప్పినట్టు. అమ్మమ్మకు కుట్టుకోవడానికి మధ్యాహ్నం రెండు గంటలు మిగిలాయంటే, ఆ ఇంటి అంట్లు, పశువుల కొట్టం మాలపల్లె నుంచి వచ్చే మరో స్త్రీ చేతుల మీద నడిచాయి కనుక. ఆమె నాట్లలో పాట ఎత్తుకుంటే చేలో అందరూ అందుకునేవారని మా అమ్మ చెబుతుంది. ఆ పాటలకు నోటుబుక్కు కూడా లేదు. సృజనకు తీరిక కావాలి. ఆ తీరికను కులం కూడా పంచుతుంది. మగవాళ్లు ఎలాగూ పంచరు: 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 97. అసలు ఏ పనీ ముట్టని పురుషులు ఈ సగటులోకి రానే రారు.

కనుక మీ సంఘాల్లో పెద్దవయసు స్త్రీలతో కూర్చున్నప్పుడు వంటల గురించి, మొక్కుల గురించి అడిగినట్టే, ఏం కట్టారు, ఏం కుట్టారు, ఏ వేళప్పుడు చేసుకున్నారు, ఆ వేళ ఇంటిపని ఎవరు చేశారు అని కూడా అడగండి. భూమి కాగితాల గురించి అడగండి. విన్నది వాళ్ల మాటల్లోనే రాసి మాకు పంపండి. పేరు, ఊరు వాళ్లు ఒప్పుకుంటేనే వేస్తాం. పేరు వద్దంటే, ఎందుకు వద్దన్నారో అడిగి అదీ రాయండి.