‘ఎలా తెలిసింది?’ అని కూడా అడుగుదాం

స్లిప్ టెస్ట్ పేపర్ ఇంటికి రాగానే మనం ముందు చూసేది పై మూలన ఉన్న మార్కులు. తర్వాత తప్పుపోయిన ప్రశ్నలు. జవాబు సరిగ్గా రాసినచోట, అక్కడికి ఎలా చేరుకున్నావని పిల్లల్ని అడిగేవాళ్లం తక్కువ. సైన్స్ విషయంలో ఈ అలవాటును కాస్త మార్చుకోవాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి పిల్లలకు ఎంతో ఇష్టమైన ఒక జంతువునే ఉదాహరణగా తీసుకుంటాను. అది కత్తికోరల పిల్లి.

‘ఐస్ ఏజ్’ సినిమాలోని డియేగో రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు. పై దవడ నుంచి కత్తుల్లా కిందికి దిగిన రెండు కోరలే దాని గుర్తు. ఇంగ్లిష్‌లో ‘సేబర్ టూత్ టైగర్’ అంటుంటారు గానీ ఇవి పులులు కావు. పులి, సింహం, మన ఇంటి పిల్లి ఉన్న కుటుంబంలోనే ఎప్పుడో విడిపోయిన వేరే శాఖ. వీటిలో చివరివి సుమారు 10 వేల ఏళ్ల కిందట అంతరించిపోయాయి. బొమ్మ చూస్తే ఎవరైనా గుర్తుపట్టే ఈ జంతువు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలనే తికమక పెట్టింది. ఎందుకంటే వాళ్లకు దొరికింది బొమ్మ కాదు, విరిగిన ముక్కలు.

ఎలుగుబంటి అన్నారు, హైనా అన్నారు

ఎముకలను పోల్చి చూసి జంతువును గుర్తించే శాస్త్రానికి పునాది వేసినవారిలో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ కువియే ముఖ్యుడు. యూరప్‌లో దొరికిన పొడవాటి కోరలను చూసి, 1824లో ఆయన వాటిని ఒక రకం ఎలుగుబంటివిగా భావించారు. పేరు కూడా ‘ఉర్సస్ కల్ట్రిడెన్స్’ అని పెట్టారు. ఉర్సస్ అంటే ఎలుగుబంటి. పదేళ్లు తిరగకముందే జర్మనీకి చెందిన యోహాన్ కౌప్ అవి ఎలుగుబంటివి కావని గుర్తించి ‘మకైరోడస్’ అనే కొత్త పేరు తెచ్చారు.

ఇంకా ఆసక్తికరమైనది పీటర్ లుండ్ కథ. డెన్మార్క్‌కు చెందిన ఈయన బ్రెజిల్‌లోని లాగోవా శాంటా గుహల్లో శిలాజాలు సేకరించేవారు. మొదట దొరికినవి కొన్ని దవడ పళ్లు మాత్రమే. వాటిని బట్టి 1839లో అది హైనా అన్నారు. తర్వాత మరిన్ని పళ్లు, పాదాల ఎముకలు దొరికాయి. అన్నీ కలిపి చూసుకుని, 1842లో తన మాట తానే మార్చుకుని, అది పిల్లి జాతిదేనని తేల్చారు. ఇవాళ మనం వాడుతున్న ‘స్మైలోడాన్’ అనే పేరు ఆయన పెట్టిందే.

లుండ్ 1839లో ఇచ్చిన జవాబు మన బిట్ పేపర్‌లో వస్తే సున్నా. నెగెటివ్ మార్కు కూడా పడుతుంది. కానీ సైన్స్ ఆయనను గౌరవంగా గుర్తుపెట్టుకుంది. చేతిలో ఉన్న ఆధారాన్ని బట్టి ఒక మాట చెప్పారు, కొత్త ఆధారం రాగానే దాన్ని సరిదిద్దారు. మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఈ పద్ధతినే.

పోనీ, పొడవాటి కోరలు కనిపిస్తే కత్తికోరల పిల్లి అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుందా? అదీ సరిపోదు. దక్షిణ అమెరికాలో ‘థైలకోస్మైలస్’ అనే జంతువు ఉండేది. దానికీ అలాంటి కోరలే ఉన్నాయి. కానీ అది పిల్లుల కంటే కంగారూలకు దగ్గరి చుట్టం. దాని కోరలు జీవితాంతం పెరుగుతూనే ఉండేవి, పిల్లుల కోరలు అలా పెరగవు. వేటాడే తీరు ఒకటే అయితే సంబంధం లేని జంతువులకు కూడా ఒకేలాంటి ఆయుధాలు రావచ్చు. ఒక్క లక్షణాన్ని బట్టీపట్టినవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఒక్క మోచేతి ఎముకతో

కోరలు సన్నగా ఉంటాయి, తేలికగా విరిగిపోతాయి. పుర్రెలు కూడా నలిగిపోతాయి. లావుగా, గట్టిగా ఉండే కాళ్ల ఎముకలు మాత్రం మిగులుతాయి. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో అలాంటి పెద్ద ముంగాలి ఎముక ఒకటి ఉండేది. భుజం నుంచి మోచేయి దాకా ఉండే ఎముక అది. చీటీ మీద ‘పిల్లి’ అని మాత్రమే ఉంది. ఏ పిల్లి? జాన్ ఆర్కట్, జోనథన్ కలెడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఈ ప్రశ్న వెంటపడ్డారు.

ముందుగా, మోచేతి ఆకారం చూసి జంతువు ఏదో చెప్పడం అసలు సాధ్యమా అని వాళ్లు పరీక్షించుకున్నారు. సింహం, ప్యూమా, జాగ్వార్ వంటి తెలిసిన జంతువుల ఎముకలను కంప్యూటర్‌లో కొలిచి పోల్చారు. ఒక్కో జాతి మోచేతికి ఒక్కో తీరు ఉందని తేలింది. అంటే స్కేలు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే తెలియని ఎముకను కొలిచారు. ఇడాహో, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో దొరికిన ఇలాంటి పెద్ద ఎముకలనూ పక్కన పెట్టి చూశారు. మొత్తం ఏడు. వాటిలో అతి పెద్దది 18 అంగుళాలు దాటింది. ఇప్పటి మగ సింహానికి ఆ ఎముక సగటున 13 అంగుళాలు.

2021లో వాళ్లు కొత్త జాతిని ప్రకటించారు. ఎముక దొరికిన నేల కేయూస్ అనే ఆదివాసీ తెగది కాబట్టి, ఆ తెగ పాత భాషలో ‘ప్రాచీన అడవి పిల్లి’ అనే అర్థం వచ్చేలా ‘మకైరోడస్ లహాయిషుపుప్’ అని పేరు పెట్టారు. బరువు సుమారు 274 కిలోలు ఉండి ఉంటుందని అంచనా. కాలం 55 లక్షల నుంచి 90 లక్షల ఏళ్ల కిందట. ఇంత తేల్చిన తర్వాత కూడా, ఇంత పెద్ద పిల్లులు ఒక్కచోట పుట్టి ఖండాలు దాటాయా, లేక వేర్వేరు చోట్ల విడివిడిగా వచ్చాయా అన్న ప్రశ్నను తెరిచే ఉంచారు.

పోటీ పరీక్షల మాటేమిటి?

‘ఇవన్నీ బాగానే ఉన్నాయి. నీట్‌లో, జేఈఈలో ప్రశ్నకు నిమిషం, రెండు నిమిషాలే కదా’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేగం కావాలి, సాధన కావాలి. కానీ జవాబు గుర్తురాని ప్రశ్న ఎదురైనప్పుడు పిల్లలను కాపాడేది ఏది? నాలుగు ఆప్షన్లలో ఇది ఎందుకు కాదో చెప్పుకుంటూ ఒక్కొక్కటీ తీసేయగలగడం. ఎముక పట్టుకుని ‘ఎలుగు కాదు, హైనా కాదు’ అంటూ వెళ్లడం కూడా ఇదే పని. బట్టీపట్టిన జవాబు మరిచిపోతే చేతిలో ఏమీ మిగలదు.

ఇందుకు ఖర్చు అక్కర్లేదు. ఆదివారం చికెన్ తిన్నాక లెగ్ పీస్ ఎముకను, రెక్క ఎముకను కడిగి ఆరబెట్టి పిల్లల ముందు పెట్టండి. ఏది ఏదో చెప్పమనండి, కారణం కూడా అడగండి. శాకాహారులైతే చింతగింజ, సీతాఫలం గింజ, సపోటా గింజలను ముక్కలు చేసి ఇదే ఆట ఆడించవచ్చు. హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరాన్ని చూపించండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ ఎముకలు ఒక్క డైనోసార్‌వి కావు, ఎన్నింటివో. పుర్రె దొరకలేదు. ‘మరి తల ఇలా ఉంటుందని ఎలా అనుకున్నారు?’ అని అక్కడే అడగండి.

స్కూలు వైపు నుంచి కూడా ఒక పని జరగాలి. నెలకు ఒక్క సైన్స్ ప్రశ్నకైనా, జవాబుతోపాటు ‘నీ ఆధారం ఏమిటి? ఇంకా ఏం దొరికితే ఖాయంగా చెప్పగలవు?’ అని అడిగి, ఆ రెండింటికీ మార్కులు ఇవ్వాలి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల లిస్టుతోపాటు ఈ మాట కూడా అడగండి. తల్లిదండ్రులు అడిగితే, టీచర్లం మేం మరింత ఇష్టంగా చేస్తాం.