ముసురు పట్టినా చూసి రావచ్చు!

ముసురు పట్టిన ఆదివారం ఇంట్లో ఏం చేస్తాం? మిర్చి బజ్జీలు వేసుకుంటాం. టీవీ పెట్టుకుంటాం. మధ్యాహ్నం ముసుగుతన్ని పడుకుంటాం. పిల్లలు ఎటైనా పోదామంటే ‘వాన తగ్గనీ, వచ్చే వారం చూద్దాం’ అంటాం. వచ్చే వారం తెరిపిస్తే పొలం పని అడ్డమొస్తుంది. లేదంటే ఏదో శుభకార్యం!

స్కాట్లాండులో స్కై అని ఒక దీవి ఉంది. ఆకాశమనే అర్థమొచ్చే స్కై కాదు, ఇంగ్లిషులో చివర ఒక అక్షరం ఎక్కువ. అక్కడి పాత భాష గేలిక్‌లో దానికి ‘పొగమంచు దీవి’ అని ముద్దుపేరు. వాన తగ్గాక పోదామని కూర్చుంటే అక్కడ ఇక ఇల్లు కదిలే పనే ఉండదు. అందుకే జనం రెయిన్‌కోటు తొడుక్కుని, గట్టి బూట్లు వేసుకుని ‘ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్’ అనే పెద్ద రాతి స్తంభం దాకా కొండెక్కుతారు. మబ్బు కమ్మితే ఆ స్తంభం కనపడదు. అయినా ఎక్కామన్న తృప్తితో దిగి వస్తారు.

అంత దూరం మనమెక్కడ పోతాం గానీ... దీవులు, గుట్టలు, వాన, ఈ మూడూ కలిసిన చోటు నర్మెట్ట వాళ్లకు ఒక పూట ప్రయాణమే. జనగామ మీదుగా హనుమకొండ చేరితే అక్కడి నుంచి ములుగు వైపు ఒక దారి, పరకాల మీదుగా భూపాలపల్లి వైపు ఇంకో దారి. ఒకదాంట్లో పోయి మరోదాంట్లో తిరిగి రావచ్చు.

భూపాలపల్లి దారిలో రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. ఇసుకరాతి గుట్టలివి. వందల వేల ఏళ్ల గాలికీ వానకూ అరిగి గుహలు, చరియలు, గొడుగుల్లాంటి బండలు ఏర్పడ్డాయి. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ, మేకల బండ, తుపాకుల గుండు... పేర్లు వింటేనే పిల్లలకు హుషారొస్తుంది. రాతి గోడల మీద ఆదిమానవులు వేసిన జింకలు, నెమళ్ల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇన్ని వానలు పడినా అవెలా మిగిలాయి? పైనున్న బండ చూరులాగా ముందుకొచ్చి వాటికి అడ్డం నిలబడింది. అదే చూరు కింద మీరూ పది నిమిషాలు నిలబడితే సంగతి అర్థమవుతుంది. బయట జల్లు పడుతుంటే గోడ పొడిగా ఉంటుంది. బొమ్మలను చేత్తో తడమకండి. వాన చెరపనిదాన్ని మన చెమట చెరుపుతుంది.

అక్కడి నుంచి రామప్ప దగ్గరే. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారనీ, పునాదిలో ఇసుక నింపారనీ అందరం చదువుకున్నదే. వానలో ఇంకొకటి చూడండి. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలు నల్లరాతి బొమ్మలు. మబ్బు వెలుతురులో వాటి నునుపు మరింత తేలుతుంది. చూరు అంచు నుంచి నీళ్లు ధారగా జారుతుంటే, దాని వెనక ఒక్క నగ కూడా తడవకుండా నిలబడి ఉంటారు ఆ నాట్యకత్తెలు! ఎర్రరాయి తడిసి ముదురు రంగుకు తిరుగుతుంది. ఎండాకాలంలో కాళ్లు కాలుతూ పరుగెత్తిన వాళ్లకు ఈ అందం తెలియదు.

గోవిందరావుపేట మండలంలోని లక్నవరం మరో అద్భుతం. చుట్టూ గుట్టలు, నడుమ సరస్సు, అందులో పదమూడు దీవులంటారు. వేలాడే వంతెన మీద నడిచి దీవికి చేరుతుంటే అటూ ఇటూ నీళ్ల మీద చినుకుల గుండ్రాలు. ఇది దేవుడు పెట్టిన సరస్సు అనుకుంటారు చాలామంది. కాదు, 13వ శతాబ్దంలో కాకతీయులు చేసిన చెరువు! గుట్టలే గోడలుగా ఉన్న చోటు వెతికి, వాటి నడుమ సందులను మాత్రం చిన్న చిన్న కట్టలతో మూశారు. మిగతాది వాన నింపింది. మునగకుండా మిగిలిన గుట్టల తలలే ఈ దీవులు. ఇప్పటికీ వేల ఎకరాలు దీని కింద పారతాయి.

చెరువు గొప్పతనం ఎండాకాలంలో కనపడదు. వాన పడుతుండగా చూడాలి. వాగులు వచ్చి కలిసే చోటు, తూములోంచి నీళ్లు కాలువకు పోయే చోటు, నిండాక మత్తడి దుంకే చోటు... మూడూ పిల్లలకు చూపించండి. ముఖ్యంగా మత్తడి. కట్ట ఎంత గట్టిగా పోసినా, మిగిలిన నీళ్లకు దారి వదలకపోతే ఒక్క రాత్రిలో తెగుతుంది. పట్టినంత పట్టి, పట్టనిదాన్ని మర్యాదగా సాగనంపాలని ఆ కట్టినవాళ్లకు తెలుసు. అందుకే ఎనిమిది వందల ఏళ్లయినా చెరువు ఉంది.

చూడటానికి పోయే మనకూ ఆ తెలివి కావాలి. 2023 జులై ఆఖరి వారాన్ని ఇటువైపు ఎవరూ మరచిపోలేరు. ఆ నెల 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోని ఊరే అది. అంతకుముందు తెలంగాణలో ఒక్క రోజు రికార్డు 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. కొత్త వాన నేల మీద కదలకుండా నిలిచి ఉంటే మోకాలు దాటేది. అది నిలుస్తుందా? వాగుల్లోకి దూకింది. భూపాలపల్లి దారిలోని మోరంచపల్లి మునిగి జనం ఇళ్ల కప్పులెక్కారు. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కొండాయిని జంపన్న వాగు ముంచెత్తి ప్రాణాలు తీసింది.

దానికి ముందు రోజే, అంటే 26న, వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతం చూడటానికి సుమారు 80 మంది అడవిలోకి పోయారు. పోయేటప్పుడు వాగు దాటగలిగారు. వచ్చేటప్పుడు దాటలేకపోయారు. చీకటి పడింది, వాన ఆగలేదు. వాగు దాటే ప్రయత్నం చెయ్యొద్దని అధికారులు ఫోనులో చెప్పారు. ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రాత్రంతా కష్టపడి తెల్లారేసరికి వాళ్లను బయటికి తెచ్చాయి. వాళ్లు బతికింది వాగు దాటకుండా ఆగినందుకు!

‘మా మీద చినుకే కదా పడుతోంది, వాగు ఎందుకు పొంగుతుంది?’ అనిపిస్తుంది. వాగుకు మన నెత్తి మీది వానతో పనిలేదు. ఎగువన గుట్టల మీద ఎప్పుడో కురిసింది ఇప్పుడు మన కాళ్ల దగ్గరికొస్తుంది. తేటగా పారే నీళ్లు ఎర్రబడ్డా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా... ఇక అక్కడ నిలబడకూడదు. పారే నీళ్లు మోకాలి లోతైనా మనిషిని పడేస్తాయి. బైకునైతే ఇంకా సులువుగా.

ఆ సమయంలో ఇంటిల్లిపాదిలో ఒకరు తప్పకుండా ఒక మాట అంటారు. ‘ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?’ అని. ప్రమాదాలన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. దీనికి జవాబు బయల్దేరేటప్పుడే ఇంట్లో అనుకోవాలి. వాగు మీది నుంచి నీళ్లు పారుతుంటే బండి తిప్పేయాలి, ఎవరూ అలగకూడదు. మధ్యాహ్నం మూడయ్యాక కొత్తగా గుట్ట ఎక్కకూడదు. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు ఇంట్లో బజ్జీలే మేలు. బొగత దగ్గరికి రావద్దని అటవీ శాఖ చెబితే రావద్దనే అర్థం, పక్క దారి వెతుక్కోమని కాదు.

మూటలో ఏం ఉండాలి? పాచి పట్టిన బండ మీద జారని చెప్పులు. నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ కవరులో కట్టిన ఫోను. అడవిలో సిగ్నల్ దొరకదు గనుక ఎటు పోతున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో ఇంట్లో ఉన్నవాళ్లకు ముందే చెప్పి పోవాలి. ఆపదలో 112. పిల్లలకు ఒక జత పొడి బట్టలు. తినడానికి సర్వపిండి అయితే సాయంత్రం దాకా పాడు కాదు. దారిలో కాల్చిన మక్క కంకులు ఎలాగూ దొరుకుతాయి.

అనుకున్న మూడు చోట్లలో రెండే చూసి తిరిగొచ్చారా? ఏం ఫరవాలేదు, మూడోది ఎక్కడికీ పోదు. రామప్ప ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది. నర్మెట్ట చేరాక తెరిపి దొరికితే బొమ్మకూరు రిజర్వాయరు కట్ట మీదికి పిల్లలను తీసుకెళ్లండి. దేవాదుల పథకంలో గోదావరి నుంచి ఎత్తిపోస్తే ఇక్కడికి చేరిన నీళ్లు అవి. వాన కోసం మొగులు వైపు చూసే మన ఊళ్లకు నీళ్లు ఎంత కష్టపడి వస్తాయో, అక్కడ అడవిలో అవి ఎంత ఉరుకుతాయో రెండూ చూసిన పిల్లలు నల్లా తిప్పేటప్పుడూ, వాగు దగ్గర ఆగేటప్పుడూ ఒకసారి ఆలోచిస్తారు.