చెప్పులు కుట్టే చేతికి కొలిచి చేసిన కత్తి కావాలి

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అది 18 చేతివృత్తులను గుర్తించి, పనిముట్ల కోసం ఒక్కొక్కరికి 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తోంది. ఆ 18లో చెప్పులు కుట్టే వృత్తి ఉంది, కమ్మరం కూడా ఉంది. డబ్బు ఎంత, ఎప్పుడు వస్తుంది, ఎవరికి అందింది అన్న మాటలు వినబడుతున్నాయి కానీ, ఆ డబ్బుతో కొన్న కత్తి పనివాడి చేతికి అమరుతుందా లేదా అని అడిగేవాళ్ళు తక్కువ. దళసరి తోలు కోసే మనిషికి మాత్రం అసలు ప్రశ్న అదే. పనిముట్టును ఎంచుకునే హక్కు దాన్ని పట్టే చేతికే ఉండాలి. ఆ ఎంపిక ఊళ్ళో కొలిమి దగ్గర జరిగితే ఇద్దరు వృత్తిదారులు బతుకుతారు.

నంద్యాల జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల తోలు దళసరిగానే కావాలి. ఒకవైపు నల్లమల, మరోవైపు రాళ్ళ చేలు. తుమ్మముల్లు దిగకుండా, ఎండకు కాలిన నేల అరికాలికి తగలకుండా ఉండాలంటే చెప్పు అట్ట మందంగా ఉండాల్సిందే. మోటార్లు రాకముందు రాయలసీమ బావుల మీద ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలేవాళ్ళు. దాని తోలు బాన, తొండం కోసి కుట్టింది ఈ వృత్తివాళ్ళే. కపిల పోయింది, ఎద్దుల గంటల పట్టెడలూ చెర్నకోలలూ తగ్గిపోయాయి. చెప్పు మిగిలింది, దాని అడుగున తోలుకు బదులు చాలాచోట్ల పాత టైరు ముక్క చేరింది. టైరు తోలు కన్నా మొండిది, లోపల దారాల పొరలు ఉంటాయి. అందుకే కత్తిని నీళ్ళలో తడిపి కోస్తారు. తడి ఉంటే రబ్బరు కత్తిని పట్టేయదు. ఇంత ఒడుపు తెలిసినవాళ్ళ చేతిలో చాలాసార్లు ఉండేది మాత్రం అరగదీసిన యాక్సా బ్లేడు ముక్క, దానికి పిడిగా చుట్టిన సైకిల్ ట్యూబు.

ఆ సన్నటి పిడి ఖరీదు చెయ్యి కడుతుంది. పిడి జారకుండా ఉండాలంటే పిడికిలి గట్టిగా బిగించాలి. అంటే కోతకు పోవాల్సిన సత్తువలో కొంత కత్తిని పట్టుకోవడానికే సరిపోతుంది. మణికట్టు వంచి నొక్కితే పట్టు ఇంకా సడలుతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే చేస్తే మణికట్టులో నరం నలిగి వేళ్ళు తిమ్మిరెక్కే ప్రమాదం ఉంది. డాక్టర్లు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనేది దీన్నే. కత్తెరతో కోస్తే ఇంకో చిక్కు. కొస దగ్గర తోలు పెట్టి నొక్కితే, మేకు దగ్గర పెట్టినప్పటి కన్నా ఎన్నో రెట్లు బలం కావాలి. ఆ బరువంతా బొటనవేలి మొదట్లో రింగు ఒత్తే చోట పడుతుంది. దళసరి తోలుకు పొట్టి రేకులూ పొడుగు పిడులూ ఉన్న కత్తెరే తగినది. అట్టతోలుకైతే కత్తెర కన్నా రంపె, అంటే తోలు కోసే కత్తి, మేలు. వెడల్పాటి అంచు కాబట్టి మణికట్టు తిన్నగా పెట్టి, భుజం బలంతో ముందుకు తోయవచ్చు. ఒక్క ఊపున తెగ్గొట్టాలని చూడకుండా రెండు మూడు గీతల్లో కోస్తే చేతికి మరింత సుఖం.

ఇవి ఊహకు తోచిన మాటలు కావు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2004లో చేతి పనిముట్ల ఎంపికపై ఒక పుస్తకం వెలువరించింది. బలం పెట్టే పనికి పిడి 3 నుంచి 5 సెంటీమీటర్ల లావు ఉండాలని, పొడవు అరచేతి వెడల్పును మించాలని అందులో ఉంది. పిడి పొట్టిదైతే దాని కొస సరిగ్గా అరచేతి నడుమ గుచ్చుకుంటుంది. రెండు పిడుల పనిముట్టయితే మూసినప్పుడు పిడుల మధ్య ఎడం 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, తెరిచినప్పుడు 9 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ లెక్కలు మన చేతులు కొలిచి రాసినవి కాకపోవచ్చు. కాబట్టే కత్తిని పట్టి చూసి, ఒక తోలు ముక్క కోసి చూసి తీసుకోవాలంటున్నాను. సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర వాళ్ళ చేతిలో తోలును కోయదు, మడతపెడుతుంది. అందరికీ ఒకే పెట్టె పంచితే వీళ్ళ వాటా మూలన పడుతుంది.

తాతల నాటి రంపెతో ఇన్నాళ్ళూ పని జరగలేదా అని కొందరంటారు. జరిగింది. అయితే ఆ రంపె పనివాడు కమ్మరి ఎదుట కూర్చుని చేయించుకున్నది, వంకరో బరువో తేడా వస్తే మళ్ళీ కాల్చి సరిచేయించుకున్నది. ఆ పద్ధతిని తిరిగి తెమ్మనే నేనూ అడుగుతున్నాను. మంచి పనిముట్టు ఖరీదెక్కువ కదా అన్నది రెండో మాట. విదేశీ కత్తెరకైతే నిజమే. లారీ కమాను పట్టీ ముక్కతో కత్తి, చేతికి సరిపడా చెక్కిన కర్ర పిడి చేయించడానికి అంత ఖర్చు రాదు. ఖరీదు కన్నా ముఖ్యం పదును. మొద్దుబారిన కత్తికి ఎంత మంచి పిడి ఉన్నా చెయ్యి నొస్తుంది. కరెంటు గ్రైండర్ మీద అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే, ఇక పదును నిలవదు. సాన మీద నిదానంగా నూరడమే సరైన పద్ధతి, పథకం కింద ఇచ్చే శిక్షణలో నేర్పాల్సిన మొదటి పాఠం కూడా అదే.

యంత్రాలు వచ్చాక చేతి కత్తి గొడవెందుకన్నది మూడో మాట. ఫ్యాక్టరీలో అచ్చు పెట్టి ప్రెస్సుతో వేల ముక్కలు ఒకే తీరుగా కోస్తారు. రోడ్డు పక్కన కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చే ప్రతి చెప్పు అరుగుదల వేరు, ప్రతి ముక్క కొలత వేరు. ఆ పనికి ప్రెస్సు పనికిరాదు. ఇక సంప్రదాయ చర్మకారులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది న్యాయమే, కొనసాగాలి. దానితోపాటు, పనిచేసే వయసులోనే చెయ్యి చెడిపోకుండా చూడటం కూడా ప్రభుత్వం పనే.

నంద్యాల జిల్లా అధికారులకు, రాష్ట్ర తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ లిడ్‌క్యాప్‌కు చేసే విన్నపం ఇది. వోచర్ డబ్బుతో ఊరి కమ్మరి దగ్గర పనిముట్టు చేయించుకునే వీలు కల్పించండి. శిక్షణ రోజుల్లో రకరకాల పిడులు, రంపెలు, ఎడమచేతి కత్తెరలు ముందుపెట్టి కోసి చూడనివ్వండి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ నిపుణులను పిలిచి మన చేతుల కొలతలు తీయించండి. ఏ కత్తి కావాలో చెప్పుల అట్ట కోసే మనిషిని అడిగిన తర్వాతే కొనండి.