చక్రానికో రబ్బరు రింగు

బొమ్మ రైలింజిన్ ఎత్తు ఎక్కలేక చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటే "పాడైంది, కొత్తది కొందాం" అనేస్తాం. చక్రాలు తిరుగుతున్నాయంటే మోటారు బాగున్నట్టే కదండీ! గాడిలో ఉండే సన్నటి రబ్బరు రింగు అరిగింది, అంతే. గుండ్లపోచంపల్లి మీదుగా పోయే పెద్ద ఇంజిన్లకైతే పట్టు కోసం పట్టాల మీద ఇసుక వదిలే ఏర్పాటుంటుంది. బొమ్మకి ఈ రబ్బరే దిక్కు.

మా దూలపల్లి ఇంట్లో ఆ పని పన్నెండేళ్ళ మావాడికే అప్పజెప్పాను. పాత రింగును సూదితో లేపి తీయాలి, గాడిలో జిడ్డు తుడవాలి, సరైన కొలతది మెలిపడకుండా ఎక్కించాలి. అన్ని చక్రాలకీ వేసేద్దామన్నాడు. రబ్బరు కరెంటును పోనివ్వదు, పట్టాల నుంచి ఇంజిన్‌కి కరెంటు అందాలిగా! అది వాడే కనుక్కున్నాడు.

"ఆ గంట చదువుకోవచ్చుగా" అన్నారు మావారు. నా మటుకు అదీ చదువే. అరిగినదల్లా పారేసే ఇంట్లో పిల్లలకి ఓపిక ఎలా అబ్బుతుంది? మీరేమంటారు?