పల్లాకు తెగులు గుట్టు తెలిసింది, మరి విత్తనం మాటేమిటి?

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లి, నేలలో ఉన్న పదునుతోనే పంట తీయడం మన డెల్టా రైతుకు తాతల నాటి అలవాటు. దుక్కి లేదు, పెద్ద ఖర్చూ లేదు. ముదినేపల్లి, గుడివాడ వైపు చేపల చెరువులు పోగా మిగిలిన మాగాణుల్లో రెండో పంటగా చేతికి నాలుగు డబ్బులు తెచ్చేది ఈ మినుమే. ఆకుల మీద పసుపు మచ్చలు లేచి చేనంతా పండుబారిందా, ఆ డబ్బులూ లేనట్టే. అదే పల్లాకు తెగులు.

అప్పుడు మందుల కొట్టుకు పరుగెత్తుతాం. మొక్కలో చేరిన వైరస్‌ను చంపే మందు ఏ కొట్లోనూ లేదు. కొట్టే మందంతా దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీదే. చేను పసుపెక్కాక కొడితే లాభం కొట్టువాడికే.

వైరస్ గుట్టు తెలియక కాదు. దాని డీఎన్‌ఏ రెండు ముక్కలు, ఒక్కొక్కటి సుమారు 2,700 అక్షరాలు. థాయ్‌లాండ్ పెసర వైరస్ అక్షరక్రమాన్ని 1993లోనే చదివేశారు. తమిళనాడులోని వంబన్ మినుము నుంచి తీసిన వైరస్‌ను మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వారు క్లోనింగ్ చేసి 2004లో వివరాలు ప్రకటించారు.

దీనివల్ల రైతుకేం ఒరిగింది అంటారా? ఆఫ్రికా మొక్కజొన్నను చూడండి. అక్కడి చారల తెగులు వైరస్‌ను 1984లో చదివారు. 1987లో ఆ క్లోనును ఆగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియాలో పెట్టి, దోమతో పని లేకుండా మొక్కకు ఎక్కించారు. అసలు కిటుకు ఇక్కడుంది. పొలంలో రకాలను పరీక్షిస్తే, దోమ తక్కువ వచ్చిన ఏడు నాసి రకం కూడా తట్టుకున్నట్టే కనబడుతుంది. క్లోనుతో అయితే ప్రతి మొక్కకూ ఒకే పరీక్ష, తప్పించుకునే దారి లేదు.

ఇంకో సంగతి. ఉత్తరాదిన ఎక్కువగా ఉండే పల్లాకు వైరస్ వేరు, దక్షిణాదిది వేరు. అక్కడ నిలిచిన రకం ఇక్కడ పడిపోవచ్చు. లాం ఫారం ఇచ్చిన ఎల్‌బీజీ 787 వంటివి తెగులును తట్టుకునే రకాలే, కాదనను. కానీ వైరస్ మారుతూ ఉంటుంది. అందుకే ఏటా మన చేలల్లోని పసుపు ఆకులు తీసుకెళ్లి, ఆ వైరస్‌తోనే అమ్మకంలో ఉన్న రకాలన్నిటినీ పరీక్షించాలి. ఏది నిలిచిందో, ఏది పడిందో వరి కోతలకు ముందే, అంటే విత్తనం కొనే వేళకు, ఊరూరా కాగితం అంటించి చెప్పాలి. కోతలయ్యాక చెబితే ఏం లాభం?